దొర చెప్పని మాట

ఈ బరువు మోస్తూనే ముసలివాణ్ణయ్యాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అరవైల మొదట్లో నెల్లూరులో ఒక విదేశీ పురుగుమందుల కంపెనీకి ఏజెంటుగా ఉండేవాణ్ణి. ఇంగ్లీషు బాగా వచ్చునన్న గర్వం ఉండేది. ఒకసారి కంపెనీ దొర వస్తే, బోగోలు దాటాక సముద్రం వైపున్న వరిచేలల్లో మందు కొట్టించి రైతులకు చూపించాం. వాళ్ల వెనక నిలబడి ఉన్న పోలమ్మ అనే ఆమె ముందుకొచ్చింది. చేపలు పట్టి బతికే కుటుంబం వాళ్లది.

"అయ్యా, ఈ నీళ్లు మా కాలవలోకే గదా వచ్చేది. సముద్రం మీదికి పోలేని అలల కాలంలో మాకు ఆ చేపలే దిక్కు. తినొచ్చునా? దొరగారిని అడగండి."

అడిగాను. కాలవలో తేలిన చేపల్ని ఎవరూ తినకూడదని, ఊళ్లో అందరికీ గట్టిగా చెప్పమని దొర అన్నాడు. రైతులు నా వైపే చూస్తున్నారు. ఆ మాట చెబితే ఒక్కడూ మందు కొనడనిపించింది.

"ఏం భయం లేదంట. తినొచ్చంట," అన్నాను.

ఆమె దొరకు దండం పెట్టింది. ఆమెకు అర్థమైందా అని దొర అడిగాడు. అయిందన్నాను.

ఎందుకు చేశాను? నా పిల్లలు పస్తులున్నారనా? లేదు, ఇంట్లో ఏ లోటూ లేదు. దొర ముందు మెప్పు కావాలి, అంతే.

ఆ పంటకాలంలోనే చేపలు తేలాయి. పోలమ్మ వండింది. ఆమె భర్త మూర్ఛలొచ్చి, కావలి ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. కంపెనీ ఆరా తీస్తే, సారా తాగి చచ్చాడని చెప్పాను. ఆ మనిషి చుక్క ముట్టడని ఊళ్లోవాళ్లు చెబితే వినీ, అలాగే చెప్పాను.

ఆ తర్వాత పోలమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నిలదీస్తుందని భయపడ్డాను.

"దొరగారు మంచికే చెప్పినాడు," అంది. "నేనే సరిగా కడిగినట్టు లేదయ్యా. నా చేతులతో నేనే చంపుకున్నా."

ఆమె వెళ్లేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ తప్పు తనదేననుకుంటూనే ఆమె చనిపోయిందని చాలా ఏళ్లకు విన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆమెకు చెప్పాల్సింది మీకు చెబుతున్నాను, అంతే. దొర తినొద్దనే అన్నాడు. తినమన్నది నేను.