ఇసుక ఏ స్టాపులో దిగింది

చాలా ఏళ్ళుగా ఒక నవ్వు బరువు మోస్తున్నాను. నవ్వింది నేను కాదు. నవ్వించింది నేను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పడానికీ నమ్మకం కుదరడం లేదు, ఎందుకంటే మనుషులను నమ్మడం నాకు మొదటి నుంచీ చేతకాదు. అసలు సంగతి కూడా అదే.

మావారు మేస్త్రీ. ఆయన పోయాక మా అబ్బాయి ఇబ్రహీంపట్నం వైపు ఇళ్ళు కట్టే కాంట్రాక్టులు పట్టాడు. సామాను బాధ్యత నాది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, అయినా ఇటుక, కంకర, ఇసుక తోలేవాళ్ళకు నేనంటే హడలు. భయం ఒక్కటే చాలదని ఒక ఏర్పాటు చేశాను. కొత్త ఇంట్లోకి వెళ్ళేరోజు మేస్త్రీలకు బట్టలు పెడతారు కదా. అలాగే చెప్పిన రోజుకు చెప్పినంత సామాను తెచ్చినవాడిని ఒక్కడిని పిలిచి, అందరి ముందూ పేరు చెప్పి, పంచె, కండువా పెట్టించేదాన్ని. ఖర్చు ఇంటివాళ్ళది. పేరు చెప్పే నోరు నాది. ఆ పేరు వన్ టౌన్ సిమెంటు కొట్లదాకా వెళ్ళేది, దాని వెనకే ఆర్డర్లు వచ్చేవి. అందుకని పోటీలు పడి తోలేవారు.

ఇస్రాయేలుది ఇసుక. సొంత లారీ. మా చర్చివాడే. వరసగా రెండు ఇళ్ళకు బట్టలు అందుకున్నాడు. మూడో ఇంటికి నాకు అనుమానం పట్టుకుంది. ఇంత బుద్ధిగా ఎవరైనా ఊరికే ఉంటారా? లారీ రాగానే కూలీని పైకి ఎక్కించి కర్రతో కొలిపించాను. బాడీ అంచుకు జానెడు కిందికి ఉంది ఇసుక. తర్వాతి లోడూ అంతే. ఏటి ఇసుక రేవులో నిండుగా పోయించుకుని దారిలో కొంత అమ్ముకుంటున్నాడని తేల్చేశాను. అతన్ని అడగలేదు. మనసులో దాచుకున్నాను.

ఆ కొత్త ఇంట్లోకి వెళ్ళేరోజు ప్రార్థన అయ్యాక, పాస్టరుగారి ఎదుటే, కంకర తోలే అతన్ని పిలిచి బట్టలు పెట్టించాను. ఇస్రాయేలు ముందుకొచ్చాడు.

“నా వల్ల ఏం తప్పు జరిగింది మామ్మగారూ?”

“నీ లారీ జానెడు తక్కువొస్తంది నాయనా. ఆ జానెడు ఎవరింటికి పోతంది?”

“తడి ఇసుకండీ. నీళ్ళు కారి, కుదుపులకి దారిలో దిగిపోద్దండీ.”

“దిగిపోద్దా? ఏ స్టాపులో దిగింది? టిక్కెట్టు కొట్టించుకుందా?”

అందరూ పగలబడి నవ్వారు. ఇస్రాయేలు కూడా నవ్వబోయాడు. చుట్టూ చూసి మానేశాడు.

ఆ మాట నాకంటే ముందు ఊరు తిరిగింది. ఇస్రాయేలు ఏ కొట్టుకు వెళ్ళినా “ఇవాళ ఏ స్టాపులో దింపేవయ్యా?” అనేవారట. నవ్వుతూనే ఆర్డరు ఇంకొకరికి ఇచ్చేవారు.

నేను ఇసుకకు వేరే లారీ పెట్టాను. వాళ్ళనూ నమ్మలేదు. ఒకరోజు నేనే క్యాబిన్‌లో కూర్చుని రేవుకు వెళ్ళి, కళ్ళెదుట అంచుదాకా పోయించాను. తిరుగుదారిలో ఎక్కడా ఆపనివ్వలేదు. డ్రైవరు టీ తాగుతానన్నా వద్దన్నాను. వెనక తలుపు సందుల్లోంచి దారి పొడుగునా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఇంటి దగ్గర కొలిపించాను.

జానెడు తక్కువ.

అప్పుడైనా నోరు విప్పానా? లేదు. నా మాట ఒక్కసారి తప్పని తెలిస్తే రేపటినుంచి ఎవడు లెక్కచేస్తాడు, అబ్బాయి పనులు ఏం కావాలి అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబ్బాయి కోసమేనా? కాదు. నలుగురి ముందు తల దించడం ఇష్టంలేక.

ఆ ఏడాదే ఇస్రాయేలు లారీ అమ్మేశాడు. ఇప్పుడు ఎవరి టిప్పరుమీదో డ్రైవరు, కరెంటు ఫ్యాక్టరీ బూడిద తోలుతున్నాడు. ఆదివారం ఎదురైతే “వందనాలు మామ్మగారూ” అంటాడు. ఆ వందనంలో ఏముందా అని వెతుకుతుంటాను. కోపమా? ఎగతాళా? నాకు నిజం తెలిసిపోయిందని అతనికి తెలుసా? ఏమీ లేదేమో, ఉత్త వందనమేనేమో. అది అన్నిటికన్నా కష్టంగా ఉంది. చర్చిలో దేవుడు చేసిన మేళ్ళకు సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు లేచి, మోకాళ్ళ నొప్పి తగ్గిందని చెప్పి కూర్చున్నాను. ఇది చెప్పలేదు.

నా పేరు పెట్టకుండా రాస్తున్నాను కాబట్టి ఇదీ నిండు ధైర్యం కాదు. అతన్ని క్షమించమని అడిగే మొహం లేదు. మీరు జాలిపడినా నమ్మను. ఒక్క ముక్క మాత్రం నా చేత్తో, అక్షరం అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను.

ఇస్రాయేలు దొంగ కాదు. అది తెలిసి కూడా ఊరుకున్నాను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.