తోక కింద మునగ ఊతలు

నిన్న పులుసులోకి మునక్కాయలు కోయిస్తుంటే, పెరట్లో ఆ రెండు చెట్లూ మొదలు దగ్గర కత్తెరలా ఎందుకు పెనవేసుకున్నాయని మనవరాలు అడిగింది. వాటిమీద ఒకప్పుడు ఎగిరే యంత్రం తోక ఆనించి ఉండేదంటే పకపకా నవ్వింది. చూసిన నాకే ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు, దాన్నేమంటాను.

రాజోలు దగ్గర ఈ ఇంటికి నేను కాపురానికొచ్చిన కొత్తలో, గోదావరికి ఆనకట్ట కట్టి కాలవలు తవ్వుతున్నారు. మా మామగారి తమ్ముణ్ని నేను చినమామగారనేదాన్ని. ఆయన ఆ కాలవ పని మానేసి వచ్చి, పశువులపాకలో మనిషి ఎక్కి ఎగిరే యంత్రం కట్టడం మొదలుపెట్టారు. వెదురు, పేము, పాత పంచెలు, తుమ్మబంక, అంతే సరంజామా. ఊరంతా పుష్పకమని వేళాకోళం చేసినా ఆయనకు కోపం వచ్చేది కాదు. ఏటిగట్టు మీద కూర్చుని గద్దల్ని చూసి చూసి, అవి రెక్క ఆడించకుండా తోకతోనే మలుపు తిరుగుతాయని కనిపెట్టి, ముందుగా తోకే కట్టారు. పాక చాలక అది పెరట్లోకి పొడుచుకొచ్చింది. చిక్కంతా అక్కడే. ముందువైపు రెక్కలూ, కూర్చునే పీటా బిగించేదాకా బరువంతా వెనకే కదా. ఊత లేకపోతే తోక నేలకు కొట్టుకుని విరుగుతుంది. ఊత కూడా ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదట, అడ్డబద్ద ముడిపడిన గట్టి చోటే, మధ్యన గుడ్డ మెత్త వేసి పెట్టాలట.

యంత్రం పూర్తయిన రోజున దాన్నెక్కి ఏటిగట్టుమీంచి దూకుతానని ఆయన ముందే చెప్పేశారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ చినత్తగారికి ముద్ద దిగేది కాదు. పిల్లలు లేని ఆవిడకు ఉన్నది ఆయనొక్కరే.

వానాకాలం మొదట్లో ఒకనాడు ఈదురుగాలికి వెదురు ఊత జారి, బియ్యం చెరుగుతున్న చినత్తగారి పక్కనే తోక ధబ్బున పడింది. పరిగెత్తుకొచ్చిన చినమామగారు ముందు తోకను తడిమి చూసుకుని, తరవాత భార్యవైపు తిరిగారు. ఆవిడ చేట దులుపుకుంటూ, "ఊరికే నిలబెడితే జారదేంటండీ? రెండు మునగకొమ్మలు కత్తెరేసి పాతి, తోకని వాటికి కట్టేయండి. గాలొచ్చినా పైకి లేవదు" అన్నారు.

చినమామగారు మురిసిపోయి ఆ పూటే పాతారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. తోక విరిగితే పీడ విరగడయ్యేది, ఈవిడే కాపాడుతుందేమిటి? ఆ మాటే అడిగితే, "విరిగితే మళ్లీ కడతారమ్మా. కట్టేసుంటే ఎక్కడికీ వెళ్లదు" అన్నారు. ఆ తరవాత ఆవిడకు రోజూ ఏదో ఒక లోపం కనబడేది. తాడు వదులైందనో, మెత్త నలిగిందనో అనేవారు. ఆయన రెక్కల పని వదిలేసి తోక దగ్గరకొచ్చేవారు.

చలికాలం పోయేసరికి రెక్కలూ పూర్తయ్యాయి. చినమామగారు కత్తిపట్టుకుని తాళ్లు కోయడానికొచ్చారు. మా నేలలో వానకు పాతిన కొమ్మ ఊరుకుంటుందా, ఊతలు రెండూ వేళ్లూని, తోక చుట్టూ రెమ్మలేసి, తెల్లగా పూతపట్టి ఉన్నాయి.

"విప్పేయనా?" అని ఆయన చినత్తగారినే అడిగారు.

"ఆయ్, మీ ఇష్టమండీ" అన్నారావిడ. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

ఆయన ఈసారి తోకను చూడలేదు. భార్యనే చాలాసేపు చూసి, కత్తి చూరులో దోపేశారు. "పూత మీదున్నాయి. కాయలు కాసేక చూద్దాంలే."

కాయలు కాశాయి, పులుసు పెట్టుకున్నాం. మళ్లీ పూత వచ్చింది. పంచెలు చివికిపోయాయి, వెదురుకు చెదపట్టింది. చినమామగారు బాగా ముసలివారై, చినత్తగారి చేతిమీదుగా గంజి తాగుతూ మంచంమీదే పోయారు. ఇప్పుడు ఆవిడా లేరు. ఆ చెట్లు గాలికి విరిగినప్పుడల్లా మొదట్లోంచి చిగురిస్తాయి. కాయలు కాసేక చూద్దామన్న ఆ ఒక్క మాటమీద ఇన్నేళ్లు ఎలా గడిచిపోయాయో, నాకిప్పటికీ వింతగానే ఉంటుంది.