చివరి స్టేషన్‌కు చోటు చాలలేదు

మా ఇల్లు వరంగల్ బజారులో. కింద బట్టల దుకాణం, పైన కాపురం, దాని వెనక వైపు ఒక పొడుగాటి గది. ఒకప్పుడు ఆ గదిలో బట్టల థాన్లు పేర్చుకునేవాళ్లం. ఇప్పుడు గోడ పొడుగునా బల్లల మీద ఒక రైల్వే లైను ఉంది. జానెడు ఇంజను, దాని వెనక నాలుగు పెట్టెలు, అరచేతిలో పట్టే స్టేషన్లు. "యాభై ఏండ్లు దాటినంక బొమ్మలాట మొదలువెట్టిండ్రు అన్నదమ్ములు" అని మా వదిన ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది. చెప్పనీ. పొద్దంతా దుకాణంలో నిలబడి మెట్లెక్కి వచ్చినవాడికి మాటకు మాట చెప్పే ఓపిక ఎక్కడుంటుంది?

ఆ లైను నేను అన్న కుడి చెయ్యి కోసం వేశాను. కాబట్టి ముందు ఆ చెయ్యి సంగతి చెప్పాలి.

మా దుకాణంలో గిరాకీని కూచోబెట్టి మాటల్లో పెట్టేది నేను, బట్ట కొలిచి కోసేది అన్న. కత్తెర ఒక్కసారి తెరిచి సర్రున తోశాడంటే ఈ అంచు నుంచి ఆ అంచుదాకా దారం లేవకుండా తెగేది. కొలత దగ్గర ఆగకుండా ఇంకో వేలెడు వదిలి కోయడం మా నాయన నేర్పిన పద్ధతి. ఆ వేలెడే కొసరు. ధర మీద పొద్దుగూకేదాకా బేరమాడొచ్చు గానీ కొసరు మీద బేరం ఉండదు. అది ఇచ్చేవాడి ఇష్టం, అంతే. మా చేతులకు అదెంత అలవాటైపోయిందంటే, ఇంట్లో బట్టలారేసే తాడు కోసినా, పిల్లల పుస్తకాలకు అట్ట కోసినా వేలెడు ఎక్కువే పడుతుంది.

రెండేళ్ల కింద అన్నకు పక్షవాతం వచ్చింది. దవాఖాన నుంచి వచ్చాక కర్ర సాయంతో కాలు దారికొచ్చింది. మాట ముద్దముద్దగానైనా వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. దాని మీద తువ్వాల కప్పుకుని వెనక గది కిటికీ దగ్గర కూర్చునేవాడు. ఎవరైనా చూడ్డానికొస్తే తువ్వాలను ఇంకొంచెం కిందికి లాక్కునేవాడు. మెట్లు దిగి దుకాణంలోకి ఒక్కనాడూ రాలేదు.

దాంతో కొలిచేదీ నేనే, కోసేదీ నేనే, మాట్లాడేదీ నేనే అయ్యాను. సాయంత్రానికి మోకాళ్లు నా మాట వినడం మానేసేవి. మా పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లకు ఈ వ్యాపారం పట్టదు. పక్కన సెల్‌ఫోన్లు అమ్మే ఆయన మా దుకాణం మడిగె తనకిమ్మని కనబడినప్పుడల్లా అడిగేవాడు. "జర ఆగున్రి, మా అన్న లేవనీ, అప్పుడు చూద్దం" అనేవాణ్ని. అన్న చెయ్యి వస్తే దుకాణం ఉంటుంది, రాకపోతే పోతుంది. నాకు తెలిసిన లెక్క అదొక్కటే. ఒక్కణ్నే లాక్కురావడం నావల్ల కావడం లేదు, ఇచ్చెయ్యడానికి నోరు రావడం లేదు.

ఇంటికొచ్చి చేతికి వ్యాయామం చేయించే అమ్మాయి ఒకరోజు విసుక్కుంది. "అంకుల్, రబ్బరు బంతి ఒత్తుమంటె ఎన్నొద్దులు ఒత్తుతడు ఆయనైనా? ఇష్టమున్న సన్నపని ఏదన్న ముంగట వెట్టున్రి."

అన్నకు ఇష్టమైనది బట్ట. దాని పేరెత్తితేనే మొహం తిప్పుకుంటున్నాడు. దాని తర్వాత ఇష్టమైనది ఆ బ్రాంచి లైను.

వయసులో ఉన్నప్పుడు మేమిద్దరం బట్టల మూటలు కట్టుకుని ఊళ్లలో వారానికోసారి జరిగే అంగళ్లకు పోయేవాళ్లం. డోర్నకల్ దాకా ఒక బండి. అక్కడ దిగి, మెయిన్ లైను విడిచి పక్కకు పోయే ప్యాసింజర్ ఎక్కాలి. దానికి తొందరనేది తెలియదు. తాటిచెట్లు, పత్తిచేన్లు, మిరప కల్లాలు చూసుకుంటూ, మనుషుల్లేని స్టేషన్లలో కూడా మర్యాదగా ఆగుతూ పోయేది. చివరి స్టేషన్లో పట్టాలు ఒక మట్టికట్ట దగ్గర ఆగిపోయేవి. బండి ఆగీ ఆగకముందే అన్న, "ఊరొచ్చింది, మూట దించుర తమ్మీ" అనేవాడు. అంగడి అయిపోయాక ఆ మట్టికట్ట మీదే కూర్చుని సద్ది విప్పేవాళ్లం. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. అంత రుచి మళ్లీ నా నాలుక ఎరగదు. మేమెక్కే ఆ బండి ఇప్పుడు నడవడం లేదు.

పట్టాలూ ఇంజనూ ఆన్‌లైన్లో తెప్పించాను. ఒక్కో స్టేషన్‌కు ఒక్కో ప్లైవుడ్ చెక్క నేనే కోశాను. చొక్కాలొచ్చిన అట్టపెట్టెలు కత్తిరించి స్టేషన్లు కట్టాను. చీపురుపుల్లలు తాటిచెట్లయ్యాయి. దుకాణం కట్టేసిన సాయంత్రాలు, ఆదివారాలు అన్నీ అందులోనే పోయాయి. జిగురు ఆరేలోపు కూర్చున్నచోటే కునుకు పట్టేది. నిజం చెప్పొద్దూ, చాలాసార్లు ఆ చెక్కలన్నీ పొయ్యిలో పెడదామనిపించింది. ఎవరి కోసం చేస్తున్నానో ఆ మనిషి కిటికీలోంచి బజారు చూస్తూ కూర్చుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

కొన్ని వారాలకు కుర్చీ ఇటు తిరిగింది. ముందు వంకలు పెట్టడం మొదలుపెట్టాడు.

"గా తాటిచెట్టు లైనుకు ఎడమ దిక్కు ఉండాలెరా."

"పోతాంటెనా, వస్తాంటెనా?"

"పోతాంటె. వస్తాంటె నువ్వు నోరు తెర్సుకొని పండేటోనివి, నీకేం తెలుస్తది?"

చెట్టు మార్చాను. ఆ రాత్రి ఆ మాట గుర్తొచ్చి నవ్వుకున్నాను కూడా. తర్వాత ఎడమ చెయ్యి రంగంలోకి దిగింది. ఎండుమిరపకాయలు నలిపి ఒక స్టేషన్ పక్కన కల్లంలా ఆరబోశాడు. గదంతా ఘాటు. వదిన తుమ్ముకుంటూ వచ్చి, "కూరలకు లేదు గని రైలుకు వోస్తాండ్రా మిర్చి?" అని మా ఇద్దరినీ కలిపి తిట్టింది.

కుడి చెయ్యి కదిపి చూడమంటే మాత్రం తువ్వాల కిందికి జరిగేది. "రేపు" అనేవాడు. దుకాణాల్లో "అప్పు రేపు" అని రాసి పెట్టుకుంటారే, అలాంటి రేపు.

చివరి స్టేషన్ చెక్క పెట్టాల్సిన ఆదివారం వచ్చింది. ఆ స్టేషన్ నేను అన్నిటికంటే శ్రద్ధగా చేశాను. పట్టాల కొసన మట్టికట్టకు మా పెరట్లోని మట్టే జల్లెడ పట్టి అతికించాను. కిటికీ వైపు డోర్నకల్ జంక్షన్ నుంచి మొదలుపెట్టి చెక్కలన్నీ వరసగా పేర్చుకుంటూ వచ్చాను. ఆఖరి చెక్క పట్టలేదు. బెత్తెడుకు పైనే ఎక్కువైంది. గోడ మళ్లీ కొలిచాను, నేను మొదట కొలిచినట్టే ఉంది. చెక్కలు కొలిచాను. ప్రతి చెక్కా వేలెడు ఎక్కువ. నా చెయ్యి నన్నడక్కుండానే రైల్వే లైనుకు కొసరు వేసుకుంటూ పోయింది.

చెక్క కింద పెట్టి దాని పక్కనే కూలబడ్డాను. "పోనీ అన్నా. గీ స్టేషన్ వద్దు తియ్. దీని ముంగటిదాంట్లనే ఆపుదం బండి." నా గొంతు నాకే ఏడుపులా వినిపించింది. అంత చిన్నదానికి ఏడవడమేమిటని సిగ్గేసింది. కానీ ఆ రోజు నాలో ఇంకేమీ మిగల్లేదు.

అన్న నవ్వాడు. నవ్వు నోటికి ఒక పక్కనే వచ్చింది గానీ, పాత నవ్వే అది. "అది బట్టగాదుర! చెక్కకు కొసరేస్తరా ఎవలన్న?"

"నవ్వుకో నువ్వు."

"లే. గా కొసకు కోయ్."

అటు కొసన మట్టికట్ట ఉంది. ఇంకెక్కడ కోసినా స్టేషనే పోతుంది.

"అది మనం సద్ది తిన్న జాగ గదనే!"

"గా సద్ది ఎన్నడో అరిగింది. కోయ్."

చెక్కను బల్ల అంచున పెట్టి రంపం ఆనించాను. చెక్క ఊగిపోతోంది. పట్టుకోవడానికి వదినను పిలుద్దామనుకుంటున్నాను, అంతలో అన్న తువ్వాల తీసి పక్కన పెట్టాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని పైకి లేపి, ఆ చేతిని తెచ్చి చెక్క మీద పెట్టాడు. వచ్చేసింది, చెయ్యి వచ్చేసింది అనుకున్నాను. వేళ్లు వంగుతాయేమోనని చూశాను. వంగలేదు. తూకంరాయి పెట్టినట్టు అలాగే ఉండిపోయాయి. చెక్క మాత్రం ఊగడం మానింది.

"ఏం చూస్తానవ్? బరువుకు పనికొస్తది. గంతే."

కోయడం మొదలుపెట్టాను. రంపపు పొట్టు ఆయన వేళ్ల మీద పడుతోంది. ఆయనకు అది తెలియడం లేదు. కాసేపు నాకు గీత కనబడలేదు.

"తమ్మీ, గీ చెయ్యి ఇగ కత్తెర వట్టది. నాకెప్పుడో ఎరుకైంది. నువ్వేమో చెట్లు నాటుకుంట కూసుంటివి. ఎట్ల చెప్పుదు నీకు?"

రంపం ఆపాను.

"కొలిచినంత బతికిన. గిప్పుడున్నదంత కొసరు. కొసరుకు బేరం జేస్తరార?"

మళ్లీ రంపం కదిపాను. మట్టికట్ట తెగి కింద పడింది. చెక్క తీసుకెళ్లి పెడితే గోడకు ఆనుకుని సరిగ్గా కూర్చుంది. కొసరు లేకుండా నేను కోసిన ముక్క అదొక్కటే.

బండి నడిపే స్విచ్చు అన్నే తిప్పాడు, ఎడమచేత్తో. జంక్షన్ విడిచి ఇంజను కదిలింది. తాటిచెట్టు దాటింది, మిర్చి కల్లం దాటింది. మలుపులో ఒక పెట్టె ఊగింది గానీ పడలేదు. చివరి స్టేషన్లోకి వచ్చి గోడ దగ్గర ఆగింది. అన్న ఇక మెట్లు దిగడు. రేపు పక్క దుకాణం ఆయనకు సరేనని చెప్పాలి. మా నాయన కూర్చున్న చోట ఎవరో సెల్‌ఫోన్లు అమ్ముతారు. దుఃఖం ముంచుకొచ్చింది. దాని వెంటే, పొద్దున్నే లేచి షట్టర్ ఎత్తే పని ఇక లేదన్న నెమ్మది కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేయాలో నాకెవరూ నేర్పలేదు.

అన్న ఎడమ చెయ్యి నా భుజం మీద పడింది.

"ఊరొచ్చింది" అన్నాడు. "మూట దించుర తమ్మీ."

నేను తువ్వాల అందుకుని, ఆయన కుడి చేతి వేళ్ల మీది పొట్టు ఒక్కొక్క వేలూ పట్టుకుని తుడిచాను.