అమ్మమ్మ కుట్టిన జూడో కోటు

నేను అంతర్జాతీయ క్రీడాకారిణినని చెప్పుకు తిరిగిన ఆ రోజుల్లో మా ఊళ్ళో జూడో అంటే ఏంటో తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ మా అమ్మా. అందులో అమ్మకి సగమే తెలుసు. మిగతా ఊరి దృష్టిలో అదొక రకం కరాటే. రేపల్లె బస్టాండులో టీ కొట్టు బాబాయి దగ్గర్నుంచి తెనాలి రైల్లో పూలమ్మే పిన్ని దాకా ఎవరు ఎదురైనా ఒక ఇటుక పగలగొట్టి చూపించమనేవారు. జూడోలో ఇటుకలతో పని లేదండి, అవతలి మనిషి కోటు పట్టుకుని ఎత్తి వెల్లకిలా పడేయాలండి అని చెబితే వాళ్ళ ఉత్సాహం చప్పున చల్లారిపోయేది. ఆడపిల్లలు ఒకరి బట్టలు ఒకరు పట్టుకుని లాక్కోవడానికి విమానం ఎక్కి పోవాలా, మన పంపు దగ్గర రోజూ జరిగేదేగా అని మా మావయ్య కూడా ఒకసారి అన్నాడు. (ఆయన మా అమ్మకి తమ్ముడు. నా అభిమాన సంఘానికి అధ్యక్షుడు, కార్యదర్శి, ఏకైక సభ్యుడు.)

మాది రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే పల్లె. ఇంటిల్లిపాదీ చేపల వేట మీద బతికేవాళ్ళం. అమ్మమ్మ చిరిగిన వలలు బాగుచేసేది. చిన్నప్పటి నుంచి వల తాళ్ళు లాగిన చేతులు కావడంతో నా పట్టు ఉడుంపట్టు. ఒక స్కూలు ఆటల పోటీలో నేను తాడు లాగుతుంటే చూసిన తెనాలి డ్రిల్లు మాస్టారు, ఈ పిల్లని నాకివ్వండి అని ఇంటికొచ్చి అడిగారు. పెళ్ళిసంబంధం అనుకుని అమ్మమ్మ ఆయన్ని గుమ్మంలోనే ఆపి గోత్రం అడిగిందట. విషయం తెలిశాక కూర్చోబెట్టి రొయ్యల కూరతో భోజనం పెట్టింది. అప్పట్నుంచి రోజూ పాసింజరు రైల్లో తెనాలి పోవడం, కిందపడటం, తిరిగి రావడం. అలా పడీ పడీ చివరికి భారత జట్టులో పడ్డాను.

మొదటి విదేశీ పోటీలో మొదటి ఆటలోనే ఒక పిల్ల నన్ను గోనెసంచిలా పైకెత్తి నేలకేసి కొట్టింది. వీపు నేలకి ఆనితే జూడోలో ఆట అయిపోయినట్టే. అక్కడితో మర్చిపోయేదాన్నే గాని, ఆ వీడియో నాకంటే ముందు మా ఊరు చేరింది. మావయ్య ఫోనులో పెట్టి చూపించడమే కాక, సరిగ్గా నేను గాల్లో ఉన్నచోట బొమ్మ ఆపి అందరికీ వివరించేవాడట. నేను దిగేసరికి ఊరంతా నా అరికాళ్ళు చూసేసింది.

నవ్వులాటగా చెబుతున్నాను గాని, నిజానికి ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. ఎవరి చెయ్యైనా నా నడుం మీద పడితే చాలు, పట్టు వదిలేసి పక్కకి తిరిగిపోయేదాన్ని. ఇంతలో బాపట్లలో మళ్ళీ ఎంపిక పోటీలు వచ్చాయి. ఫైనల్ గెలిచినవాళ్ళు జట్టుతో విదేశం వెళ్తారు. ఈసారి కూడా తేలిపోతే నీ కోసం నేనెవర్నీ బతిమాలలేనని మాస్టారు ముందే చెప్పేశారు. బాగా తిని బరువు పెంచితే ఎవరూ ఎత్తలేరని మావయ్య సలహా. బరువు పెరిగితే నా వర్గంలోనే ఆడనివ్వరు, ముందు కాటా ఎక్కించి చూస్తారని చెప్పాను. అమ్మమ్మ వల అల్లుతూ, ఆ కాటా ఎక్కేటప్పుడు ఒంటి మీద కోటు ఉంటుందా అని అడిగింది. ఉండదన్నాను. మరి ఆడేటప్పుడో అంది. ఉంటుందన్నాను. తలూపి మళ్ళీ వల మీదికి వంగింది. అనుమానించాల్సింది ఆ తలూపునే.

బాపట్లలో కోటు వేసుకోగానే బరువుగా తోచింది. అమ్మమ్మ ఉతికి గంజి దట్టంగా పెట్టిందనుకున్నాను. (ఆవిడ పెట్టిన గంజికి మావయ్య లుంగీ ఒక్కటే నిలబడేది.) ఎలాగోలా ఫైనల్ దాకా వచ్చాను. ఎదురుగా కారంచేడు పిల్ల, తాటిచెట్టంత పొడుగు. వాళ్ళ చుట్టాలు ట్రాక్టరు నిండా దిగారు. ఆట మొదలైంది. ఆ పిల్ల నా నడుం మీద చెయ్యి వేసింది, నేను భయంతో గిర్రున తిరిగాను, నా కోటు అంచు విసురుగా వెళ్ళి ఆ పిల్ల మోకాలి చిప్పకి టక్కున తగిలింది. పాపం కుంటుకుంటూ కూలబడింది. రిఫరీ ఆట ఆపి, నా కోటు అంచు వేళ్ళతో తడిమి, కత్తెర తెప్పించారు. కుట్టు విప్పితే సీసం గుళ్ళు ఒకదాని వెనక ఒకటి మ్యాట్ మీదికి దొర్లాయి.

"ఏంటమ్మా ఇవి?" అన్నారు రిఫరీ.

ప్రేక్షకుల్లోంచి అమ్మమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని దిగి వచ్చింది. (మ్యాట్ మీదికి చెప్పులతో రాకూడదన్న నియమం ఆవిడకి తెలుసు. మిగతావే తెలియవు.)

"సీసం గుళ్ళు బాబూ, నేనే కుట్టా. వల అంచుకి ఇయ్యి కడితేనే గదా అది నేలకి కరుసుకునుండేది. మా పిల్ల అడుగున తేలిక. అందుకే ఎవరు బడితే వాళ్ళు లేపేస్తన్నారు."

"ఆటలో ఇలాంటివి పెట్టుకోకూడదు మామ్మగారూ. అవతలి అమ్మాయికి అన్యాయం కదండి."

అమ్మమ్మ నిజాయితీగా ఆలోచించింది. "అదీ నిజమే బాబూ. ఆ పిల్ల కోటు గూడా ఇటివ్వండి, కుట్టిచ్చేస్తా. గుళ్ళు ఇంకా తెచ్చా."

కారంచేడు పిల్ల తండ్రి లేచి, పెద్దావిడ ముచ్చట పడుతోంది, కుట్టనివ్వండి సార్, మేమేం అనుకోం అన్నాడు. ఆ పిల్ల అప్పుడే బెల్టు విప్పుతోంది. మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. రిఫరీ గారు మాత్రం రూలు రూలేనండి అని ఆట కారంచేడుకి ఇచ్చేశారు.

తెనాలి దాకా రైల్లో ఏడుస్తూనే వచ్చాను. ప్లాట్‌ఫారం మీద రేపల్లె పాసింజరు కోసం కూర్చున్నప్పుడు, నువ్వే నా విదేశం పోగొట్టావని అమ్మమ్మని నానా మాటలూ అన్నాను. ఆవిడ అన్నీ విని, చివర్న మెల్లగా చెప్పింది.

"నువ్వు పడ్డావని కుట్టలేదే. మీ మావయ్య బొమ్మ ఆపినప్పుడు గాల్లో నీ మొహం చూశా. కళ్ళు గట్టిగా మూసుకుని బిక్కచచ్చిపోయున్నావు. మొదటిసారి పడవెక్కించినప్పుడు గూడా నువ్వట్టా భయపళ్ళా."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఊళ్ళో అంతమంది నా అరికాళ్ళు చూశారు. ఆవిడొక్కతే మొహం చూసింది. కాసేపయ్యాక అమ్మమ్మ మోచేత్తో పొడిచింది.

"అది సరేగాని, అంత ఎత్తు నుంచి ఏం కనపడిద్ది?"

"ఏమో, చూళ్ళేదు."

"బానే ఉంది. విమానమెక్కి అంత దూరం పోయి కళ్ళు మూసుకోటమేంటి? ఈసారెవరన్నా లేపితే చూసొచ్చి చెప్పు."

మరుసటి ఏడు ఎంపికయ్యాను. విదేశంలో మొదటి ఆట గెలిచాను. రెండో ఆటలో దుక్కలాంటి పిల్ల ఒకత్తి నన్ను అమాంతం లేపింది. అలవాటుగా కళ్ళు మూసుకోబోతూ, అయ్యో, ఇంటికెళ్తే అమ్మమ్మకి ఏం చెప్పాలి అనుకుని తెరిచాను. పైకప్పు లైట్లు కనిపించాయి. తలకిందులుగా జెండాలు కనిపించాయి. గ్యాలరీలో తలకిందులుగా ఒక ముసలావిడ మనవడికి పండు ఒలిచి పెడుతోంది, మా వైపు చూడనైనా లేదు. నేను ఇన్నాళ్ళూ చచ్చేంత భయపడ్డ ఆ క్షణం ఆవిడకి పండు తొక్కపాటి కూడా చెయ్యదు. నవ్వొచ్చింది. నవ్వుతూనే దబ్బున వెల్లకిలా పడ్డాను. తెనాలిలో ఫోనులో చూస్తున్న మాస్టారు, ఓడిపోయి పళ్ళికిలిస్తావేంటని మెసేజి పెట్టారు. అమ్మమ్మకి ఫోను చేసి చూసినవన్నీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "బత్తాయా, కమలాపండా?" అని అడిగింది. కమలాపండే అని చెబితే గాని స్థిమితపడలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆడాను. కొన్ని గెలిచాను, ఎక్కువ ఓడాను, అన్నీ కళ్ళు తెరిచే. ఇప్పుడు తెనాలిలో ఆడపిల్లలకి పడటం నేర్పుతున్నాను. తలకిందులుగా వేలాడుతూ ఎక్కడో ముసలావిడని చూసి నవ్విన ఆ బక్క పిల్ల గుర్తొస్తే, ఇంకొక్కసారి నన్నెవరైనా అంతెత్తుకి లేపితే బాగుండుననిపిస్తుంది. అడుగుదామని నోటిదాకా వస్తుంది. అద్దంలో ఇప్పటి నన్ను ఒకసారి చూసుకుని, పిల్లల నడుములు తలుచుకుని ఊరుకుంటాను.