బావ చేసిన బరోలో

మొన్న మా అల్లుడు ఒక పెద్ద హోటల్‌కి భోజనానికి తీసుకెళ్లాడు. మెనూ తిరగేస్తుంటే బరోలో అన్న పేరు కనబడింది. ఇటలీ ఎర్ర వైను. "ఇది తెప్పించు" అన్నాను. బీరు కూడా ముట్టని మామ నోటి నుంచి ఆ మాట విని అల్లుడు కంగారుపడ్డాడు. వెయిటర్ సీసా మూత తీసి ఇరుకు గ్లాసులో నిండా పోయబోతే ఆపాను. దీనికి బొజ్జ పెద్దగా ఉన్న గ్లాసు కావాలి, కాసేపు గాలి తగలనివ్వాలి, ముందు గుక్కెడు పోసి ఆగాలి, తెప్పించిన మనిషి రుచి చూసి తలూపాకే మిగతావాళ్లకు పోయాలి, ఇదంతా నీకెవరూ నేర్పలేదా అని కోప్పడ్డాను. మా అమ్మాయి ముక్కున వేలేసుకుంది. తర్వాత ఒక గుక్క తాగాను. తాగగానే ఒళ్లు మండిపోయింది. వైను బాగా లేదేమోనని అల్లుడు వెయిటర్‌ని మళ్లీ పిలవబోయాడు. వైను బాగానే ఉంది. గొంతులో ఆ ఘాటు ఒక్కటి తీసేస్తే అచ్చం మా బావ చేసినట్టే ఉంది. నా కోపమంతా అందుకే.

బావ అంటే మా పెద్దక్క భర్త. కోరుట్ల దగ్గరి పల్లె. సౌదీ వచ్చిన కొత్తలో నాలుగేళ్లు రోడ్ల మీద తారు పోశాడు. రియాద్‌లో నేను పనిచేసే కంపెనీకి ఒక ఇటలీ రెస్టారెంటు ఉండేది. ఆఫీసులో కూర్చుని పనివాళ్లు ఆ దేశంలో ఉండటానికిచ్చే ఇకామా కార్డుల రెన్యువల్, తిరిగి వెళ్లేవాళ్ల ఎగ్జిట్ కాగితాలు చూడటం నా పని. మా కఫీల్‌ని, అంటే మా వీసాలకు పూచీ ఉన్న సౌదీ యజమానిని, బతిమాలి బావను ఆ వంటింట్లో గిన్నెలు కడిగే పనికి మార్పించాను. బావ కడిగే ముందు గిన్నె అడుగున మిగిలినదాన్ని వేలితో నాకి, అందులో ఏమేం వేశారో వరసపెట్టి చెప్పేవాడు. వంటవాళ్లు మొదట నవ్వారు, తర్వాత ఉప్పు సరిపోయిందో లేదో అడగడం మొదలుపెట్టారు. ఆర్నెల్లలో బావ జ్యూసు కౌంటర్‌కి చేరాడు.

అక్కడి మేనేజర్ ఇటలీవాడు. తను వండించిన మాంసం పక్కన పెప్సీ డబ్బా చూస్తే అతనికి ఏడుపొచ్చేది. మద్యం లేని దేశంలో తన ఊరి వైను రుచిని ఎలాగైనా గ్లాసులోకి తేవాలని పట్టుబట్టాడు. బావ నాలుక సంగతి తెలిశాక అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వర్ణించడానికి దిగాడు. మధ్యలో దుబాసీని నేను. నాలుక గరుకెక్కాలి, చిగుళ్లకు పట్టుకోవాలి అని అతను చేతులు తిప్పుతూ తంటాలు పడుతుంటే, "వగరు అంటుండు, అంతే గద" అన్నాడు బావ. గులాబీ వాసన రావాలట, దాని వెనకాలే తారు వాసన రావాలట అని నేను చెప్పినప్పుడు మాత్రం నా వైపు అనుమానంగా చూశాడు. "తారు వాసనొచ్చేది తాగుతరా వీళ్లు? నాలుగేండ్లు పీల్చిన, ఒక్కనాడన్న తాగబుద్ధి కాలే."

అయినా వదల్లేదు. నల్ల ద్రాక్ష రసం, చిక్కటి టీ డికాషన్, ఉడికించిన దానిమ్మ తొక్క, తాయిఫ్ కొండల గులాబీ రేకులు. తారు కోసం వారాల తరబడి వెతికి, చివరికి అరబ్బులు కూరల్లో వేసుకునే ఎండు నిమ్మకాయను నిప్పుల మీద మాడ్చి వేశాడు. ఆ రోజు మేనేజర్ గ్లాసును తెల్లగుడ్డ మీద వంచి, అంచున ఇటుక రంగు చూసి, తాగి, కళ్లు తుడుచుకున్నాడు. అప్పటినుంచి సీసాల్లో నింపి వంటింటి వెనక చల్లటి గదిలో, లైటు వేయకుండా, అడ్డంగా పడుకోబెట్టేవాళ్లు. మూడో రోజుకు వగరు మెత్తబడేది. నాలుగో రోజు దాటిందంటే బావ మిగిలినదంతా పారబోసేవాడు. పులిసిందంటే ఉద్యోగంతో పోదు, జైలే. అసలు వైను ఎన్నడూ నోట పెట్టని మనిషి, ఇంకొకడి మాటలు పట్టుకుని దాని గుమ్మం దాకా నడిచాడు. రియాద్‌లోని తెల్లవాళ్లు దాని కోసమే వచ్చేవారు. అది తన అమ్మమ్మ ఇంటి రుచి అని మేనేజర్ ప్రతి టేబుల్ దగ్గరా చెప్పుకునేవాడు. బావ ఊసు ఒక్క చోటా ఎత్తలేదు. అప్పుడే నాకు కోపం రావాల్సింది. రాకపోగా మావాడికి పెద్ద దొర దగ్గర పరపతి ఉందని మురిసిపోయాను.

ఇంతలో నితాఖాత్ అని సర్కారు కొత్త రూలు వచ్చింది. సౌదీ మనుషులు సరిపడా లేని కంపెనీలో ఇకామాలు రెన్యువల్ కావు. ఆపైన ప్రతి పరాయి మనిషికీ ఇంత అని లెవీ. కొందరిని పంపించక తప్పదని, జాబితా వేయమని కఫీల్ చెప్పాడు. బావ ఇకామాకు నెల రోజులే మిగిలాయి. ఇంటికి పోతే మళ్లీ ఏ ఏజెంటునో పట్టుకుని తారు పనికే రావాలని అతని భయం. యాభై దాటాయి, మోకాళ్లు అరిగాయి. "నాకు ఈ పనే ఉండాలె బామ్మర్దీ. ఇంకోటి నాతోని కాదు" అన్నాడు. నేను మేనేజర్ దగ్గరికి వెళ్లాను. అతను నా భుజం మీద చెయ్యి వేసి, ఆ పానీయం చేసే పద్ధతంతా కాగితం మీద పెట్టించమన్నాడు. అది చూపించి ఈ మనిషి ఎంత అవసరమో కఫీల్‌కి చెబుతానన్నాడు. కాగితం చేతికొచ్చాక మనిషితో పనేముంటుందన్న ఆలోచన నాకు రాలేదు. ఏళ్ల తరబడి కాగితాల మధ్యే బతికినవాణ్ని, నాకు రాలేదు.

ఒక శుక్రవారం పొద్దున బావ చేస్తూ చెప్పాడు, నేను ఇంగ్లీషులో రాశాను. చారెడు అంటే తూకం వేసి గ్రాములు రాశాను. పొంగు రాగానే దించాలంటే గడియారం చూసి నిమిషాలు రాశాను. నిమ్మకాయ ఎంత నల్లబడాలో ఫోటో తీసి అంటించాను. వంట రానివాడు కూడా చేయగలిగేలా రాసిచ్చాను. వారం తిరక్కుండా జాబితా నా టేబుల్ మీదికి వచ్చింది. మూడో పేరు బావది. మేనేజర్‌ని నిలదీస్తే, పైనుంచి వచ్చింది, నా చేతిలో ఏముంది అన్నాడు. అతని వెనక గోడకు నా కాగితం ప్లాస్టిక్ కవరులో వేలాడుతోంది. బావ ఎగ్జిట్ నా చేతులతో నేనే కంప్యూటర్లో కొట్టాను. అతను ఇంకా సామాను కట్టుకుంటుండగానే, ఆ కాగితం చూసి వేరేవాళ్లు చేసిన మొదటి సీసా బయటికి తీశారు. చెడిపోయి ఉండాలని దేవుళ్లందరికీ మొక్కుకుంటూ రుచి చూశాను. ఇసుమంత తేడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. దారి పొడుగునా మేనేజర్‌ని, కఫీల్‌ని, ఆ రూళ్లు పెట్టినవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. బావ మాత్రం సీటు బెల్టు పట్టుకుని నిమ్మళంగా కూర్చున్నాడు. దానికి నాకింకా మండింది. "ఒక్కటన్న దాచిపెట్టకపోతివి. నిమ్మకాయ ముచ్చట చెప్పకపోతే అయిపోవు గద బావా" అన్నాను. బావ టర్మినల్ ముందు దిగి, బ్యాగు భుజానికి వేసుకున్నాక అన్నాడు, "వాడు రాసుకుంటే దాచిపెడ్తుంటి. రాసింది నువ్వు గదరా. నీకు అబద్ధం ఎట్ల చెప్త?"

తిరుగు దారిలో కూడా నేను మేనేజర్‌నే తిట్టుకుంటూ వచ్చాను. ఏళ్లు గడిస్తే కోపం చల్లారుతుందని అందరూ అంటారు. నా కోపం ఎవరి మీదో నాకు తెలియడానికే ఇన్నేళ్లు పట్టింది.