కనకమ్మ గొంతులో ఖాళీలు

2023లో, ఈశాన్య వానలు మొదలైన రోజులవి. తమిళనాడులోని రాజపాళయంలో మా మేడమీది గదే నా ఆఫీసు. బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి ఇంటినుంచే పనిచేసేదాన్ని. ఫోన్లలోని ఫొటోలు, రికార్డింగులు ఇంట్లోనే భద్రంగా దాచుకునే స్టోరేజ్ బాక్సులు మేం తయారుచేస్తాం. ఆ బాక్సును నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికన్నా అడుగున ఉండే భాగం కెర్నెల్. అందులో ఫైళ్ల సంగతి చూసే కోడ్ నా బాధ్యత.

ఆ వారం వచ్చిన ఫిర్యాదుల్లో ఒకటి వింతగా ఉంది. "నా భార్య గొంతు మధ్యమధ్యలో మాయమవుతోంది." అడ్రసు చూస్తే మా ఊరే. గొడుగు వేసుకుని నడిచి వెళ్లాను.

ఫిర్యాదు పెట్టిన రంగసామికి యాభై దాటి ఉంటాయి. భార్య కనకమ్మ పక్కనున్న సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డు నడిపేది. మరమగ్గాల మోత మీద కూడా వినిపించే గొంతని పేరు. ఆ గొంతుకే క్యాన్సర్ వచ్చింది. మదురైలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అంతకు ముందు కొన్ని వారాలపాటు ఆయన ఆమె మాటలు రికార్డు చేసి మా బాక్సులో దాచాడు.

"పాటలా మామా?" అని అడిగాను.

"పాటలేంది పాపా! ఊరికే మాట్లాడమన్నాను. మామిడికాయ పులుసు కొళంబు ఎట్ల పెట్టేది, కుక్కను పిలిచేది, నన్ను తిట్టేది. దినామూ వింటా ఉన్నిందే గదా కావాల."

మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని కనకమ్మ పక్కనే కూర్చుంది. ఆయన ఒక రికార్డింగు పెట్టాడు. "ఏమయ్యా, మోటరు ఆపినావా లేదా?" నిండైన గొంతు. తర్వాత నిశ్శబ్దం. మళ్లీ ఎక్కడో మధ్యలో అందుకుని, "...పొర్లిపోతా ఉండాది!" ఆమె నేలవైపు చూస్తూ వింది.

"ఇది గూడా పోతే మాకేం మిగుల్తాది పాపా?" అన్నాడాయన.

ఇక్కడ కొంచెం నా పని గురించి చెప్పాలి. డిస్కులోని ఫైలును ఒకసారి చదివాక, కెర్నెల్ దాని నకలును మెమరీలో ఉంచుకుంటుంది. మళ్లీ అడిగినప్పుడు డిస్కు దాకా పోకుండా ఆ నకలే ఇస్తుంది. దీన్ని పేజ్ క్యాష్ అంటారు. నేను నా లాప్‌టాప్ తగిలించి, క్యాష్‌ను పక్కనపెట్టి నేరుగా డిస్కునే చదివాను. నిశ్శబ్దం ఉన్నచోట డిస్కులో మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మెమరీలోని నకలులో మాత్రం వట్టి సున్నాలు.

"మాటలు పోలేదు మామా. లోపల ఉండాయి. నేను చెప్పేదాకా ఏదీ కాపీ చేయొద్దండి, చెరపొద్దండి," అన్నాను. కనకమ్మ నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

బాక్సు ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆ నకలు చెరిగిపోతుంది, అప్పటికి గండం గడుస్తుంది. కానీ అది ఎందుకు పాడైందో తెలియకపోతే రేపు ఇంకెవరి ఇంట్లోనో ఇదే జరుగుతుంది. ఇంటికొచ్చి రకరకాలుగా ప్రయత్నించాను. నా దగ్గర ఒక్కసారి కూడా తప్పు రాలేదు. విసిగిపోయి మళ్లీ వాళ్లింటికే వెళ్లాను.

"అత్త మాట్లాడేప్పుడు మీరేం చేస్తా ఉన్నారు మామా?"

ఆయన భార్య వంక ఒకసారి చూశాడు.

"ఆమె వసారాలో ఫోన్ ముందర కూర్చోని మాట్లాడేది, మాట అప్పటికప్పుడే బాక్సులోకి పోయేది. నేను లోపల గదిలో ఇంకో ఫోన్లో అప్పుడే పెట్టుకుని వినేవాణ్ని. ఎదురుగా కూర్చుంటే నాకు ఏడుపు వచ్చేది పాపా. చూస్తే ఆమె మాట ఆపేస్తాదని..."

కనకమ్మకు ఈ సంగతి అప్పటిదాకా తెలియదని ఆమె ముఖం చూస్తే అర్థమైంది.

నాకు కావలసింది దొరికింది. ఒకే ఫైలును ఒకరు రాస్తుండగా ఇంకొకరు చదివితే, ఎవరు ముందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడాన్ని రేస్ కండిషన్ అంటారు. ఆమె ఫోన్ నుంచి వచ్చిన మాట క్యాష్‌తో పని లేకుండా నేరుగా డిస్కుకు చేరేది. ఒక్కోసారి దానికి క్షణం ముందు ఆయన ఫోన్ అదే చోటును అడిగేది. అక్కడ ఇంకా ఏమీ లేదని కెర్నెల్ తేల్చుకునేది. అది మెమరీలో సున్నాలు నింపేలోపు మాట డిస్కులో పడిపోయేది. ఆ తర్వాత ఎవరు అడిగినా ఆ సున్నాలే. చూడటం, నింపడం రెండూ ఒకే లాక్ కింద జరగాలి. అవి పూర్తయ్యేదాకా రాసేవాళ్లు, రాయడం పూర్తయ్యేదాకా చదివేవాళ్లు ఆగాలి. మార్చింది కొద్ది వరుసలే. ఇద్దరు రాస్తూ, ఇద్దరు చదువుతూ ఉండే పరీక్ష పెట్టి, తప్పు ఇక రాదని నమ్మకం కుదిరాక కొత్త కెర్నెల్ తీసుకుని వెళ్లి, బాక్సులో వేసి, ఆపి మళ్లీ ఆన్ చేశాను.

ఈసారి మోటరు మాట ఎక్కడా తెగలేదు. ఆయన ఒక్కో రికార్డింగూ పెడుతుంటే కనకమ్మ పెదాలు ఆ మాటల వెంట కదిలాయి.

ఒక రికార్డింగు మాత్రం బాగుపడలేదు. నేను మొదటిసారి వెళ్లకముందే ఆయన దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, బాక్సులోంచి చెరిపేశాడు. కాపీలోకి సున్నాలే వెళ్లాయి. డిస్కులో ఆ చోటును వేరే ఫైళ్లు ఆక్రమించాయి. ఎంత వెదికినా ఆ మాట దొరకలేదు.

"ఆడ ఏం చెప్పినావు కనకం?" అని అడిగాడాయన.

ఆమె ఆలోచించింది. ఫోన్ తీసి, తమిళ అక్షరాల్లో తెలుగు మాట రాసి చూపించింది. "గ్యాపకం లేదు."

"నన్ను తిట్టింటావులే."

ఆమె భుజాలు కదిలేలా నవ్వింది. చప్పుడు లేదు. నవ్వు ఆగాక కూడా ఆయన ఆమె వైపు చెవి ఒగ్గి అలాగే కూర్చున్నాడు.

నా మార్పును సమీక్షించిన సహోద్యోగి, ఇంత అరుదైన పరిస్థితి నిజంగా ఎవరికైనా ఎదురవుతుందా అని అడిగాడు. ఎదురైంది అని రాశాను. అంతకు ముందు నేను కూడా ఆ ప్రశ్నే అడిగేదాన్ని. ఫైలు పూర్తిగా రాశాకే ఎవరైనా చదువుతారు, ఆమాత్రం ఆగుతారు అనుకునేదాన్ని. ఆగలేని మనిషి ఒకడు పక్క గదిలో కూర్చుని ఉంటాడు. ఇప్పుడు కోడ్ రాసేటప్పుడు ముందు అతణ్నే తలుచుకుంటాను.