మా నాయిన చెప్పిన సినిమాల్లో హీరో

మా చిన్నప్పుడు... మా అవ్వ ఒక్క సినిమా కూడా చూడలేదు. కళ్లు మసకలు. అయినా మేడ్చల్ టాకీసుకు వచ్చిన ప్రతి సినిమా కథా ఆమెకు తెలుసు... మా నాయిన చెప్పేవాడు.

మాది అత్వెల్లి. నాయినది వడ్రంగి పని. ఆదివారం మ్యాట్నీకి నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే అవ్వ అర్రలోంచి కేకేసేది... "ఏమాయెరా కొడుకా సినిమల?"

ఇక చూడాలి మా నాయినను! గడప మీద కూర్చుని సినిమా అంతా... పాటలు, ఫైట్లతో సహా చెప్పేవాడు. హీరో పోయి విలన్ కాలర్ పట్టుకుని, "ఏందిరా, మస్తు నకరాల్ జేస్తున్నవ్? మా చెల్లె జోలికొస్తే బొక్కలిరుగుతయ్!" అనేవాడు. హీరోయిన్ మూతి తిప్పి, "పో... నీతోని నాకేం పని?" అనేది. అవ్వ వక్క నములుతూ, "గట్లనే గావాలె వానికి!" అని విలన్‌ను తిట్టేది.

హీరో అలా మాట్లాడలేదని నాకు తెలుసు. అయినా నాయిన చెప్పిందే నాకు ఎక్కువ నచ్చేది.

తెర మీద సంగతి వేరు. హీరోది ఒక తెలుగు... మా మాట మాట్లాడేవాళ్లు మాత్రం ఇద్దరే. ఒకడు రౌడీ. ఇంకొకడు బంగళాలో తన్నులు తినే పనివాడు. వాడు నోరు తెరిస్తే చాలు, హాలంతా పగలబడి నవ్వేది. మా నాయినా నవ్వేవాడు. అది తన మాటేనని తట్టేది కాదేమో... తట్టినా, సినిమానే కదా అనుకున్నాడేమో.

తొంభైల చివర్లో మా వైపు కొత్త కాలనీలు లేచాయి. కోస్తా నుంచి వచ్చిన మూర్తి గారనే బ్యాంకు ఉద్యోగి ఇంటికి నాయిన తలుపులు, కిటికీలు చేశాడు. మంచివాళ్లే. చెడ్డవాళ్లయితే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని... గృహప్రవేశం అయ్యాక వాళ్లు సినిమాకు పోతూ నాయిననూ నన్నూ కూడా రమ్మన్నారు. నాయిన పెళ్లిళ్లకు దాచుకున్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

తెర మీదికి పనివాడు వచ్చాడు. యజమానురాలు పిలిస్తే, "ఏందమ్మా, గిప్పుడే వస్తి గదా!" అన్నాడు. హాలు గొల్లుమంది. మూర్తి గారు నాయిన భుజం తట్టి, "అచ్చం నీలాగే మాట్లాడుతున్నాడయ్యా మల్లేశం!" అన్నారు. ఇంటర్వెల్‌లో సోడా తాగుతూ వాళ్ల పెద్దబ్బాయి, "అంకుల్, ఆ డైలాగ్ ఒక్కసారి చెప్పండి... మీరైతే భలే చెప్తారు" అన్నాడు.

నాయిన చెప్పాడు... చెప్పాడండీ! చేతిలో సోడా సీసా పట్టుకుని, "ఏందమ్మా, గిప్పుడే వస్తి గదా" అని. వాళ్లు పడీపడీ నవ్వారు. నాయినా నవ్వాడు. కానీ ఇంటర్వెల్ తర్వాత ఆయన తల ఎత్తి తెర వైపు చూడలేదు. నేను ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే కేకేసింది. "ఏం లేదమ్మా... తలకాయ నొస్తాంది" అన్నాడు నాయిన.

మర్నాడు నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. "బిడ్డా, నువ్వు మాలెక్క మాట్లాడకు. మూర్తి సార్ పిల్లల తీరు నేర్సుకో. రేపు నిన్ను జూసి ఎవ్వలు నవ్వొద్దు."

నేర్చుకున్నాను... ఈ పోస్టే చూడండి, ఎంత బాగా నేర్చుకున్నానో! ఇంట్లోనూ అలాగే మాట్లాడుతుంటే అవ్వ, "గీ పోరి ఎవలింటి పిల్లనో అన్నట్టు మాట్లాడతాంది" అని నొచ్చుకునేది. ఇప్పుడు నాయినతో మాట్లాడాలన్నా నాకు ఇంకోలా రాదు.

నాయిన మళ్లీ హాలుకు పోలేదు. కథా చెప్పలేదు. "సినిమలు బందైనయారా?" అని అవ్వ కొన్నాళ్లు అడిగింది... తర్వాత అడగడం మానేసింది. హీరోలందరూ మన మాటే మాట్లాడతారనుకుంటూనే పోయింది పిచ్చితల్లి.

నాకు ఈ రోజుకీ ఆ కామెడీ సీన్లు చూస్తే ఒళ్లు మండుతుంది. ఫ్రెండ్స్ పాత బిట్లు పంపి, "నీకు నవ్వడమే రాదే!" అంటారు. వచ్చేదమ్మా... ఆ హాల్లోనే వదిలేసి వచ్చాను. డబ్బింగ్ సినిమాలంటే మాత్రం ఇష్టం. వాటిలో ఎవరు ఎలా మాట్లాడినా మా నాయిన గుర్తుకు రాడు.

ఇప్పుడేమో మా యాసే ఫ్యాషనట! హీరో ఆ మాట అంటే ఈలలు, చప్పట్లు...

మొన్న మా అమ్మాయి టీవీలో కొత్త సినిమా పెట్టింది. "ఏందిరా, నకరాలా?" అని వినపడగానే పక్క గదిలోంచి నాయిన వచ్చాడు. తెర వైపు చూసి, "ఎవలు బిడ్డా గాయన... రౌడీనా, పనోడా?" అని అడిగాడు.

"హీరో తాతా!" అంది అది.

నాయిన నిలబడే కాసేపు చూశాడు. నాకు ఆశ పుట్టింది. "నాయినా, నువ్వు అవ్వకు ఇలాగే చెప్పేవాడివి కదా... దీనికి ఒక్క కథ చెప్పవా?" అన్నాను.

"ఇగ ఆల్లే జెప్తుండ్రు గద బిడ్డా... నేనెందుకు?" అని లోపలికి వెళ్లిపోయాడు.

కొట్టేవాళ్లు కొట్టండి చప్పట్లు... నాకు చేతులు రావు. అందులో ఒక్క చప్పట ఆ రోజు ఆ హాల్లో మా నాయిన విని ఉంటే ఎంత బాగుండేది!

మీ ఇంట్లోనూ ఇలా కథ చెప్పడం మానేసినవాళ్లు ఉన్నారా? ఉంటే, వాళ్లు ఏ మాటలో చెప్పేవాళ్లో అదే మాటలో కింద రాయండి... నాకు అలా రాయడం రాదు. చదువుకుంటాను.